నూతి మీద ప్లాస్టిక్ గడ్డి

గోల్ఫ్ ఆటని కనిపెట్టిన మహానుభావుడెవరో నాకు తెలీదు. ఎదురుపడితే మాత్రం నిలబెట్టి నాలుగు దులిపేస్తాను. ఎకరాలకి ఎకరాలు పచ్చిక పెంచి, దాని మీద కాళ్ళు పీకేలా నడిచి, ఆఖరికి ఒక చిన్న బంతిని చెంబు పట్టేంత గుంటలో పడెయ్యడానికి నానా తంటాలు పడే ఆట అది. ఆడుకునేవాళ్ళు ఆడుకోండి, నాకేం పోయింది! కానీ ఆ గుంట పోర్ట్ బ్లెయిర్‌లో, మిన్నీ బే పేటలో ఉన్న మా పెరట్లోకి, అందులోనూ మా నాన్న తవ్వించిన నూతి నెత్తిమీదకి ఎందుకు రావాలి? తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కోపం చల్లారాక రాద్దామని కొన్నాళ్ళు ఆగి చూశాను. అది చల్లారేట్టు లేదు. అందుకని ఇలాగే రాస్తున్నాను.

మా ఆయన ఇంజినీరు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక సర్కారీ ఆఫీసులో కాలవలకీ కల్వర్టులకీ ప్లాన్లు గీస్తూ, ఇంకొకళ్ళు గీసిన ప్లాన్ల మీద ఎర్ర ఇంకుతో గీతలు పెడుతూ ఇన్నేళ్ళ సర్వీసూ గడిపారు. జన్మలో ఏ ఆటా ఆడి ఎరగరు. క్యారమ్స్ బోర్డు ముందు కూర్చోబెడితే స్ట్రైకరు ఎగిరి పక్కవాళ్ళ ఒళ్ళో పడుతుంది. అలాంటి మనిషి ఒకసారి మీటింగని విశాఖపట్నం వెళ్ళారు. అక్కడ ఒక పెద్దసాబు సాయంత్రం పూట ఈయన్ని గోల్ఫ్ మైదానానికి వెంటబెట్టుకెళ్ళి, చేతికో కర్ర ఇచ్చి, కొట్టవయ్యా అన్నాడట. ఈయన కళ్ళు మూసుకుని కొట్టారట. బంతి దొర్లుకుంటూ వెళ్ళి గుంటలో పడిందట. సాబు భుజం తట్టి శభాష్ అన్నాడట. అంతే, మా కొంప మునిగింది.

నేను ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి. చేస్తున్నాను, కానీ ఆయన బాధ కూడా నాకు తెలుసు. అన్నేళ్ళ చాకిరీలో ఏ ఆఫీసరూ ఆయన్ని శభాష్ అనలేదు. ఎవరో ఒకాయన అన్నాడు, అదీ చేసిన పనికి కాదు, గుడ్డిగా కొట్టిన దెబ్బకి. ఆ మాట మా ఆయన చెవిలో తేనెలా పడి అక్కడే ఉండిపోయింది. పైగా ఆ సాబు, ‘సీజన్‌లో టూర్‌కి మీ అండమాన్ వస్తాను, అప్పుడు మీ ఇంట్లో ఆడదాం’ అని కూడా అన్నాడట. అది ఊరికే అన్న మాటేనని ఎవరికైనా తెలుస్తుంది. మా ఆయన దాన్ని ఆఫీసు ఆర్డరనుకున్నారు.

ఇంటికొచ్చిన రోజే పెరటి గుమ్మంలో నిలబడి, కళ్ళు చిట్లించి, చేతులు బారచాపి కొలతలు మొదలుపెట్టారు.

“ఇక్కడో పటింగ్ గ్రీన్ వేద్దాం,” అన్నారు.

“అంటే ఏమిటండీ?”

“గోల్ఫ్‌లో ఆఖర్న బంతిని మెల్లిగా గుంటలోకి దొర్లించే జాగా. ఇళ్ళల్లో కూడా వేసుకుంటున్నారు. ప్లాస్టిక్ గడ్డి చుట్ట చెన్నై నించి ఓడలో వచ్చేస్తుంది.”

“గడ్డికి మనకేం కరువు? నిన్న పీకితే ఇవాళ మొలిచే ఊరు ఇది.”

“అది పిచ్చిగడ్డే. ఇది లెవెల్‌గా ఉంటుంది.”

నేను నవ్వేసి ఊరుకున్నాను. ఇలాంటి ముచ్చట్లు ఆయనకి వస్తుంటాయి, పోతుంటాయి. ఒకసారి మేడమీద తేనెటీగలు పెంచుతానన్నారు. ఇంకోసారి ముత్యాలు పండిస్తానన్నారు. ఇదీ అలాగే పోతుందనుకున్నాను.

ఇప్పుడు మా నుయ్యి గురించి చెప్పాలి. మా నాన్న శ్రీకాకుళం వైపు నించి ఇక్కడి బడికి మాస్టారుగా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళకుండా ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. ఇల్లు కట్టకముందే నుయ్యి తవ్వించాడు. సముద్రం అంత దగ్గర్లో ఉన్నా అందులో తియ్యటి నీళ్ళు పడ్డాయి. మా సందులో ఇంకెవరి నూతిలోనూ అలా పడలేదు, ఉప్పగా పడేవి. ఇక్కడ కుళాయి నీళ్ళు మంచి రోజుల్లోనే రోజు విడిచి రోజు వస్తాయి. మాఘమాసం దాటి ఎండ ముదిరిందంటే ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. అందుకని నాన్న పెరటి గేటుకి గడియ పెట్టించలేదు. మేకలు దూరకుండా ఒక తాడు ఉచ్చు తగిలించి వదిలేశాడు. సందులోవాళ్ళు ఎవరొచ్చినా ఆ ఉచ్చు తీసి, తోడుకుని, మళ్ళీ తగిలించి వెళ్ళేవాళ్ళు. అడిగేవాళ్ళూ లేరు, ఇచ్చేవాళ్ళూ లేరు.

ఏడాదికోసారి, వానలు పడకముందు, పూడిక తీసేవాళ్ళం. దానికి ఎవరింటికీ పిలుపు వెళ్ళేది కాదు. నీళ్ళు మోకాల్లోతుకి దిగాయని ముందుగా ఎవరి బకెట్టుకి తెలిస్తే వాళ్ళే మిగతావాళ్ళకి చెప్పేవాళ్ళు. వచ్చే ఆదివారం సందంతా మా పెరట్లో ఉండేది. ఒకళ్ళు దిగి బురద ఎత్తిపోస్తుంటే పైనించి మిగతావాళ్ళు లాగేవాళ్ళు. ఆ బురదంతా మా అరటిచెట్ల మొదళ్ళకి పోయేది. మధ్యాహ్నానికి చేపల పులుసూ అన్నం అక్కడే వండుకుని, నూతి గట్టు చుట్టూ కూర్చుని తినేవాళ్ళం. నాన్న పోయాక కూడా ఇది ఏ ఏడాదీ ఆగలేదు.

కిందికి దిగేది ఎప్పుడూ మా పక్కింటాయనే. అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్‌కి వెళ్ళే ఫెర్రీలో పనిచేస్తాడు. ఆయన భార్య మిడిల్ పాయింట్‌లో టిఫిన్ బండి నడుపుతుంది. ఆవిడ తాతల కాలంలోనే శ్రీకాకుళం తీరం నించి ఇక్కడికొచ్చేశారు. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం హిందీలో రాసిమ్మంటుంది. ఆ బండి నడిచిందంటే మా నూతి వల్లే. బియ్యం కడగడానికీ, పిండి రుబ్బడానికీ, సాంబారుకీ, ప్లేట్లకీ అన్నిటికీ ఆ నీళ్ళే. ఇంకా వెలుగు రాకముందే గిలక కిర్రుమనేది, వెనకాలే వంటింటి కిటికీలోంచి గొంతు వినిపించేది.

“ఒదినా, నా బకెట్టు చిల్లడిపోయింది. నీదే అట్టుకెల్తన్నాను.”

“తీసుకెళ్ళు. ఇడ్లీలు పంపించు.”

“ఇడ్లీలేటి, పల్లీ చట్నీ కూడా పంపిస్తాను. టెన్షన్ మత్ లో!”

మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. చిన్నప్పుడు ఇద్దరం ఒకే గట్టు మీద బట్టలుతుక్కున్నాం కాబట్టి నేను ఒదిన్నయ్యాను.

కార్తీకమాసంలో మా పిన్ని మనవరాలి పెళ్ళని నేను ఎల్‌టీసీ పెట్టుకుని శ్రీకాకుళం వెళ్ళాను. బడిలో తెలుగు చెప్పేదాన్ని, సెలవు దొరకడమే గగనం. పెళ్ళి చూసుకుని విశాఖ రేవుకి వచ్చేసరికి తుఫానని ఓడ ఆపేశారు. ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పరు. ఫోన్ చేస్తే మా ఆయన, “తొందరేముంది? నిదానంగా రా,” అన్నారు. నేను పక్కవీధికి వెళ్ళినా భోజనం వేళకి వచ్చేస్తావుగా అని అడిగే మనిషి నిదానంగా రమ్మన్నప్పుడే నాకు వెలగాలి. వెలగలేదు. మంచివాడు పాపం, ఓర్చుకుంటున్నాడు అనుకున్నాను.

ఓడ దిగి, ఆటో ఎక్కి, ఇంటికొచ్చి, సామాను వరండాలో పడేసి, కాళ్ళు కడుక్కుందామని పెరటి తలుపు తీశాను. అరటిచెట్లు లేవు. బట్టలుతికే రాయి లేదు. గిలక లేదు, గట్టు లేదు, నుయ్యే లేదు. ఒక మూల నించి ఇంకో మూలకి బూడిదరంగు రాతిపొడి పరిచి, రోలరుతో తొక్కించి, చపాతీ పీటలా చదును చేసేశారు. సగం మీద అప్పటికే ఆకుపచ్చగా ఏదో పరిచి ఉంది. ఇద్దరు మనుషులు మోకాళ్ళ మీద కూర్చుని మిగతా చుట్టని విప్పుతున్నారు. నేను ఒక అడుగు ముందుకి వేశానో లేదో, మేస్త్రీ చెయ్యెత్తి, “దీదీ, చప్పల్ బాహర్!” అన్నాడు.

నా పెరట్లోకి నేను వెళ్ళడానికి చెప్పులు విడవాలట!

“నుయ్యేదండీ?” అని అరిచాను.

మా ఆయన లోపల్నించి టేపు పట్టుకుని వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

“కిందే ఉంది. ఎక్కడికి పోతుంది? గట్టు కొట్టించి స్లాబు వేయించాను. లోపల నీళ్ళలో మునిగే మోటారు దింపించాను. మీట నొక్కితే నీళ్ళు. సందువాళ్ళకి బయట గోడకి కుళాయి పెట్టించాను. ఇంక తోడే పని లేదు ఎవరికీ.”

“స్లాబుకి మూతేది?”

“మూత పెడితే గడ్డి కింద ఎత్తుగా తెలుస్తుంది. బంతి ఎగిరిపడుతుంది.”

“మోటారు పాడైతే?”

“కంపెనీ మోటారే అది. పాడవదు.”

ఇదే మనిషి, మనిషి దిగడానికి మూత లేని కల్వర్టు ప్లాన్ వస్తే కుర్రాళ్ళ మొహాన విసిరికొట్టేవారు. పాడవని వస్తువు లేదు, తెరవలేని చోట ఏదీ పెట్టకూడదని ఇంట్లో నాకు కూడా పాఠాలు చెప్పేవారు. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. మా ఆయన ఆ పుణ్యం కూడా కట్టుకోలేదు, మామగారి సొమ్ము తీసుకెళ్ళి గడ్డి కింద పాతిపెట్టారు. ఇల్లు మా నాన్నది, నుయ్యి మా నాన్నది, ఆయన తర్వాత నాది. ఒక్క ఫోన్ చేసి అడగడానికి ఈయనకి నోరు రాలేదు. అడిగితే వద్దంటానని తెలుసు కాబట్టి అడగలేదు. ఆ మాట ఆయన నోటితోనే ఒప్పించాను కూడా. ఒప్పుకుని, “ఇప్పుడు చూశావుగా, బావుందా లేదా?” అన్నారు.

ఆ పూట అన్నం వండలేదు. గుమ్మంలో కూర్చుని వాళ్ళు చేసే పనంతా చూశాను. రెండు చుట్టల అంచులు కలిసే చోట కింద పట్టీ వేసి, జిగురు పూసి, అతుకు కనపడకుండా వేళ్ళతో నొక్కారు. మీద సన్నటి ఇసక చల్లి చీపురుతో అటూ ఇటూ తోశారు, పోచలు నిలబడతాయట. గుంటకి చోటు మా ఆయనే ముందుగా చూపించి పెట్టారు. ఎక్కడో కాదు, సరిగ్గా గిలక ఉండే వైపు, స్లాబు అంచుకి ఆనుకుని. అందులో ఒక గిన్నె దింపి ఎర్రజెండా గుచ్చారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సాబు వచ్చేదీ లేనిదీ తెలీదు, జెండా మాత్రం లేచింది.

పెరటి గేటుకి తాళం పడింది. బురదకాళ్ళతో తొక్కితే గడ్డి పాడవుతుందట. బయట కుళాయికి వేళలు పెట్టారు, పొద్దున ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట. ఆ వేళలు బోర్డు మీద అందంగా రాసిపెట్టమని నన్నడిగారు. నా చేత్తో రాయనని చెప్పాను. ఆయనే రాసుకుని మేకుకి తగిలించారు.

మొదట్లో సందులోవాళ్ళు బాగానే ఉందన్నారు, అబద్ధమెందుకు చెప్పాలి. పక్కింటావిడ కూడా కుళాయి తిప్పి చూసి నవ్వింది.

“బాగుందిలే ఒదినా. నా రెట్టలకి ఆరాం దొరికింది. కానీ అరగంటలో ఎంతమంది పట్టుకుంటారు?”

“నేను చెప్తాను ఆయనకి,” అన్నాను. చెప్పాను. ఎక్కువసేపు ఆడిస్తే మోటారు వేడెక్కుతుందన్నారు. పాడవని మోటారు వేడెక్కుతుందట!

ఆ తర్వాత ఒక రోజు నేను బడి నించి వచ్చేసరికి మా ఆయన కర్ర పట్టుకుని పెరట్లో ఉన్నారు. బంతిని దొర్లిస్తూ, ఏదో ఘనకార్యం చెప్పినట్టు చెప్పారు. పక్కింటావిడ బండి కట్టేసి ఆలస్యంగా వచ్చిందట. కుళాయి కట్టేసి ఉంటే గేటు కొట్టి, “ఒదినా, ఒక్క బకెట్టు,” అందట. నేను లేను. ఈయన గడ్డి మీద నిలబడే, “టైమ్ అయిపోయిందమ్మా, సాయంత్రం రా,” అన్నారట.

“ఒకళ్ళకి ఇస్తే అందరూ అడుగుతారు. డిసిప్లిన్ ఉండాలి,” అన్నారు.

మా నాన్న బతికుండగా ఆ పెరట్లో ఎవరైనా ఎవరినైనా రేపు రమ్మన్నారా? ఆపకుండా తిట్టాను. సందంతా విని ఉంటుంది. వింటే వినమనే తిట్టాను. ఆయన బంతిని జేబులో వేసుకుని లోపలికి వెళ్ళి టీవీ పెట్టుకున్నారు. వెంటనే వెళ్ళి పక్కింటి తలుపు కొడితే ఆవిడ, “పోనీలే ఒదినా, ఆయన రూల్ ఆయనది,” అని కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. రోజూ అయితే గుమ్మంలో నిలబెట్టి ఊళ్ళో సంగతులన్నీ చెప్పందే వదిలేది కాదు.

సాబు వచ్చాడండీ. నిజంగానే వచ్చాడు. టూరిస్టుల సీజన్‌లో ఒక సాయంత్రం జీపులో దిగాడు. మా ఆయన పొద్దుటినించీ చీపురుతో ఇసక దువ్వుతూనే ఉన్నారు. సాబు రెండుసార్లు కొట్టాడు. మొదటిది గుంట దాకా పోలేదు. రెండోది ఒక పక్కకి పోయింది. “స్పీడ్ తక్కువగా ఉంది,” అన్నాడు. కొబ్బరినీళ్ళు తాగి, ఇంకెక్కడో డిన్నరుందని వెళ్ళిపోయాడు. శభాష్ మాట అనలేదు. దానికోసమే పాపం ఈయన జీపు దాకా వెంట నడిచారు. ఆ వారమంతా గడ్డికి స్పీడ్ ఎలా పెంచాలా అని ఫోన్‌లో వీడియోలు చూశారు.

మాఘం దాటింది. కుళాయి నీళ్ళు దూరమయ్యాయి. ఒక పొద్దున మా ఆయన మీట నొక్కితే మోటారు కాసేపు మూలిగి ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి తీగలు చూసి, లోపం పైన లేదు, మోటారు బయటికి తీయాలి అన్నాడు. తీయమన్నారు ఈయన. అతను గడ్డి వైపు చూశాడు, మా ఆయన వైపు చూశాడు.

“ఎక్కణ్ణించి తీయాలి సార్? మూత కిధర్ హై?”

“ఆలోచిద్దాం,” అన్నారు మా ఆయన.

ఆలోచించారు. గడ్డి కోస్తే అతుకు కనపడుతుంది. అదే రంగు ముక్క చెన్నై నించి తెప్పించి, అది చేతికొచ్చాక కొయ్యాలి, అప్పుడు స్లాబు పగలగొట్టి, మళ్ళీ వేసి, మీద కొత్త ముక్క అతికించాలి. ఇదీ ఆయన ఆలోచన. ముక్క ఎప్పుడొస్తుందంటే, ఓడ వచ్చినప్పుడు. ఓడ ఎప్పుడొస్తుందంటే ఎవరికి తెలుసు? అంతదాకా మాకు నీళ్ళ క్యాన్లు ఇంటికే తెప్పించారు. సందువాళ్ళ సంగతేమిటంటే, ట్యాంకరు వస్తుందిగా అన్నారు. ట్యాంకరు వచ్చినప్పుడు ఆ గుంపులో నిలబడి ఒక్కసారి పట్టుకుంటే తెలిసేది ఈయనకి.

పక్కింటావిడ బండి మూతపడింది. మిడిల్ పాయింట్‌లో ఆ చోట ఖాళీగా ఉండడం బడికి వెళ్తూ వస్తూ చూసేదాన్ని. ఆమె ఎదురుపడుతుందేమోనని వాళ్ళింటి ముందు గబగబా నడిచేదాన్ని. రోజూ మా ఆయన్ని పోరేదాన్ని. ఆయన రోజూ, ఓడ బయల్దేరిందట అనేవారు.

కొన్నాళ్ళకి బండి మళ్ళీ తెరిచింది. నా ప్రాణం లేచొచ్చింది. నీళ్ళు ఎక్కడివో నాకు తట్టలేదు. అంతలో పరీక్షల డ్యూటీ మీద నన్ను బాంబూఫ్లాట్ వేశారు. సాయంత్రం తిరిగి వచ్చే ఫెర్రీ ఎక్కితే, ఇంజను గది పక్కన ఆమె కూర్చుని ఉంది. చుట్టూ నీళ్ళ క్యాన్లు. ఒకదానికొకటి తాడుతో కట్టి, పడిపోకుండా కాలు అడ్డం పెట్టుకుంది. నేను దగ్గరికెళ్ళి కూర్చున్నాను.

“ఎక్కడివే ఈ నీళ్ళు?”

“అక్క ఇంటి నుంచి. ఆలకి బోరుంది.”

“రోజూనా?”

“మరేటి సెయ్యాలి? ఫెర్రీలో ఖర్చేటి అవ్వదు. మా ఆయనుంటాడు కదా, ఎత్తి దించుతాడు.”

అంతే చెప్పి సముద్రం వైపు తిరిగింది. నన్ను ఏ వరసా పెట్టి పిలవలేదని అప్పుడే గమనించాను. మా గోడకి ఆనుకుని ఉన్న ఇంటి మనిషి సముద్రం దాటి నీళ్ళు మోసుకొస్తోంది. ఎందుకంటే మా పెరట్లో బంతి ఎగిరిపడకూడదు.

ఇంటికి వెళ్ళేసరికి ఇంకా వెలుతురుంది. ఈయన పెరట్లో బంతితోనే ఉన్నారు. నేను బ్యాగు కింద పెట్టకుండానే వంటింటి వెనక గోడకి వేలాడే దావ్ తీసుకున్నాను. కొబ్బరిబొండాలు నరికే కత్తిని మేమిక్కడ దావ్ అంటాం. చెప్పులతోనే గడ్డి మీదకి నడిచి, జెండా పీకి పారేసి, గుంట దగ్గర కూర్చుని కొయ్యడం మొదలుపెట్టాను. ప్లాస్టిక్ గడ్డి అంత తేలిగ్గా తెగదు. కింద దళసరి పట్టా ఉంటుంది. పీకి, పట్టుకుని, మళ్ళీ కోసి, మళ్ళీ పీకాను.

“ఏయ్! ఏయ్! ఏం చేస్తున్నావ్!” అంటూ ఆయన కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. దావ్ చూసి ఆగిపోయారు. చివరికి ఆయన అన్నదేమిటో తెలుసా?

“కోస్తే కొయ్యి, అతుకు దగ్గర కొయ్యి! అతుకు దగ్గర!”

అతుకు దగ్గర తప్ప మిగతా అన్ని చోట్లా కోశాను.

మర్నాడు అదే మేస్త్రీని పిలిపించి స్లాబు పగలగొట్టించాను. ఈయన ఆఫీసుకి తొందరగా వెళ్ళిపోయారు. స్లాబు తెరుచుకోగానే కుళ్ళిన వాసన గుప్పుమంది. ఇన్ని నెలలు గాలీ వెలుగూ లేక, రాతిపొడి కారి కారి, నీళ్ళు తెల్లగా బంకమట్టిలా ఉన్నాయి. అడుగున మోటారు పొడిలో కూరుకుపోయి ఉంది. వాళ్ళు దాన్ని లాగి పైన పడేస్తే దగ్గరికి వెళ్ళి చూడబుద్ధి కూడా కాలేదు. గేటు తాళం తీయించేశాను. బోర్డు పీకేశాను. వంటింట్లో కూర్చుని ఎదురుచూశాను. ఇంత చప్పుడైతే సందులో ఎవరో ఒకళ్ళు వస్తారు, నుయ్యి తెరిచావటగా అంటారు అనుకున్నాను. ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ శనివారం సాయంత్రం నేనే పక్కింటికి వెళ్ళాను.

ఆమె గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని రేపటి బియ్యం ఏరుతోంది. వాళ్ళాయన లోపల రేడియో వింటున్నాడు. నేను ఎప్పటిలా గుమ్మంలో చతికిలబడబోయాను. ఆమె చటుక్కున లేచి లోపల్నించి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది.

“కూర్చోండి మేడమ్,” అంది.

మేడమ్! బడిలో పిల్లలు నన్ను అనే మాట అది. సరిగ్గా విన్నానా అనుకున్నాను. కూర్చోక తప్పలేదు.

“నుయ్యి తెరిపించేశాను,” అన్నాను. “నీళ్ళు మోకాల్లోతు కూడా లేవు. పూడిక చాలా ఉంది. రేపు ఆదివారమే కదా, అందరం కలిసి తీసేద్దాం. పులుసు నేను పెడతాను.”

ఆమె చేటలో బియ్యం ఒక పక్కకి జరిపింది.

“మేస్త్రీలు దొరుకుతారు మేడమ్. ఆలచేత తీయించుకోండి. ఈయనకి రేపు డ్యూటీ ఉంది.”

“ఏ ఏడాదైనా మేస్త్రీలని పెట్టామా? మీ ఆయన దిగకుండా ఎప్పుడైనా తీశామా?”

“అప్పుడు వేరు కదా మేడమ్.”

“ఏం వేరు? నన్ను మేడమంటావేమిటే? ఆ తాళం నేనా వేసింది? నేను ఊళ్ళో కూడా లేను. నీకు తెలీదా?”

“తెలుసు మేడమ్. మీరు మంచోరే. మీమీద మాకు గుస్సా ఏటీ నేదు.” ఒక రాయి ఏరి బయట పడేసింది. “ఇన్నేళ్ళు తోడుకున్నాం. ఆ నుయ్యి ఎవురిదని మాకు ఎప్పుడూ ఆలోచనే రానేదు. తాళం పడ్డాక మాలూం అయ్యింది, మీదని. మీ నూతిలో పూడిక మేం తీస్తే ఏం బాగుంటాది?”

లోపల రేడియో ఆగింది. వాళ్ళాయన మాత్రం బయటికి రాలేదు.

ఆమె గొంతులో కోపమైనా ఉంటే బాగుండేది. కోపానికి బదులు చెప్పడానికి నా దగ్గర కావలసినంత కోపం ఉంది. మా ఆయన్ని తిట్టగలను, ఆ సాబుని తిట్టగలను, చెన్నైలో ఆ గడ్డి చుట్టినవాణ్ణి కూడా తిట్టగలను. ఇంత మర్యాదని ఏమని తిట్టను? లేవబోతే ఆమె చెయ్యడ్డం పెట్టింది.

“కాస్త ఆగండి మేడమ్. చాయ్ తాగి వెళ్ళండి.”

లోపలికి వెళ్ళి, క్యాను వంచి గిన్నెలో నీళ్ళు పోసి చాయ్ పెట్టింది. ఇంట్లో ఉన్న మంచి కప్పులో పోసి, కింద సాసరు పెట్టి, రెండు చేతులతో తెచ్చి ఇచ్చింది. బాంబూఫ్లాట్ నించి మోసుకొచ్చిన ఆ నీళ్ళ చాయ్, ఆమె చూస్తుండగా, కప్పు ఖాళీ అయ్యేదాకా తాగాను.